బోరు మోటారు కొనేవాళ్లు జాగ్రత్త: హెచ్‌పీ చూసి నేను మునిగాను

మాది హైదరాబాద్ దగ్గర ఘట్‌కేసర్ వైపు. 600 అడుగుల బోరు. తొమ్మిదేళ్లు నడిచిన 1 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ (బోరు నీళ్లలో మునిగి నడిచే మోటారు) పోయిన ఎండాకాలంలో పోయింది. షాపుకెళ్తే అతను అడిగింది ఒక్కటే: "బోరు ఎన్ని ఫీట్లు సార్?" ఆరొందలన్నాను. "మరి 1 హెచ్‌పీ ఎట్ల సరిపోతది? 2 హెచ్‌పీ వేస్కోండి. హెడ్డు ఎక్కువుంటే మంచిదే కదా!" పాతది తొమ్మిదేళ్లు ఎట్లా సరిపోయిందని అడిగే తెలివి ఆ పూట నాకు లేకపోయింది. 19,500 కట్టి తెచ్చుకున్నాను.

పాత పైపులకే తగిలించి, పాత లోతుకే, 300 అడుగులకు దించారు. ఆ ధార చూసి ఇంటిల్లిపాదీ మురిసిపోయాం. అరగంట దాటాక పైపు ఉమ్మడం మొదలైంది. కాసేపు నీళ్లు, కాసేపు గాలి. ట్యాంకు 2000 లీటర్లది, నిండేదాకా ఆన్‌లోనే వదిలేసేవాళ్లం. నలభై రోజులకు కాలిపోయింది. సబ్‌మెర్సిబుల్‌ని చల్లబరిచేది దాని చుట్టూ ఉండే నీళ్లే. అవి లేకుండా తిరిగితే బేరింగూ పోతుంది, లోపలి రాగి తీగ చుట్ట, అదే వైండింగూ పోతుంది. గ్యారంటీ అడిగితే, డ్రై రన్ (నీళ్లు లేకుండా తిరగడం) అందులోకి రాదంటూ షాపతను బిల్లు వెనక చీమల్లాంటి అక్షరాలు చూపించాడు. మోటారు ఆన్ చేసే ప్యానెల్ బోర్డు అమ్మింది కూడా ఆయనే. నీళ్లు అయిపోతే మోటారు ఆపే ఏర్పాటు అందులో లేదు.

రీవైండింగ్ చేసిన పెద్దాయన చెబితేగానీ నాకు బుర్రకెక్కలేదు. హెడ్డంటే బోరు లోతు కాదు, మోటారు వేలాడే లోతూ కాదు. మోటారు నడుస్తున్నప్పుడు బోరులో నీళ్లు ఎక్కడ నిలబడతాయో అక్కణ్నుంచి ట్యాంకులో పడేదాకా ఉన్న ఎత్తు, పైన పైపు రాపిడికి కొంత. ఆయన దారానికి నట్టు కట్టి బోరులోకి వదిలాడు. 160 అడుగుల దగ్గర నీళ్లు తగిలాయి. మోటారు దించి, గేట్‌వాల్వు కొద్దికొద్దిగా బిగిస్తూ, ధార తెగకుండా వచ్చే చోట ఆపి 200 లీటర్ల డ్రమ్ము పట్టాడు. ఎనిమిది నిమిషాలు. అంటే మా బోరు ఇచ్చేది నిమిషానికి 25 లీటర్లే. అలా నడుస్తుండగా మళ్లీ దారం వదిలితే మట్టం 240. ట్యాంకు ఎత్తు 40, రాపిడికి 20 కలిపితే 300 అడుగులు, అంటే 91 మీటర్లు. అంత హెడ్డులో నాకు నిమిషానికి 20 లీటర్లు చాలు. నాకు అంటగట్టింది 45 లీటర్లు లాగేది. మా రాతినేలలో నీళ్లు పగుళ్లలోంచి ఊరి రావాలి. మోటారుకు తొందరైతే అవి వస్తాయా?

అట్టపెట్టె మీద గరిష్ఠ హెడ్డు, గరిష్ఠ డిశ్చార్జి (నిమిషానికి పోసే నీళ్లు) పక్కపక్కనే వేస్తారు. ఆ రెండూ ఒకేసారి రావు. గరిష్ఠ హెడ్డు దగ్గర చుక్క నీళ్లు కూడా పడవు! అందుకే ఆ మోడల్ చార్టు అడగండి. మీ హెడ్డు దగ్గర నిమిషానికి ఎన్ని లీటర్లో వేలు పెట్టి చూపించమనండి. చార్టు లేదంటే లేచి వచ్చేయండి. మోడల్ నంబరు, ఎన్ని స్టేజీలో (పంపులో నీళ్లను పైకి నెట్టే చక్రాల వరసలు) బిల్లు మీద రాయించుకోండి. నా బిల్లులో ఉన్నదల్లా "2 హెచ్‌పీ సెట్" అనే.

వాల్వు బిగించుకుని ఆ 2 హెచ్‌పీనే నడుపుకుందామంటే పెద్దాయన ఒప్పుకోలేదు. వాల్వు బిగిస్తే పెరిగే హెడ్డు, పది మీటర్లకు చదరపు సెంటీమీటరుకు కిలో ప్రెషరు లెక్కన, అదంతా పాత హెచ్‌డీపీఈ (ప్లాస్టిక్) పైపు మీద పడుతుంది, ఏదో రోజు పగులుతుందన్నాడు. చివరికి మళ్లీ 1 హెచ్‌పీయే దించాం, ఈసారి డ్రై రన్ ప్యానెల్‌తో. ట్యాంకు నిండటానికి గంటన్నర పడుతోంది, ధార మాత్రం తెగట్లేదు. ఆ 2 హెచ్‌పీ మెట్ల కింద పడుంది. నీటి మట్టం 450 అడుగుల్లో ఉన్న బోరు ఎవరికైనా ఉంటే చెప్పండి, చార్టు చూపించి మరీ అమ్ముతాను.