ఒంగోలు రిసెప్షన్‌కి ఫ్రెంచ్ హార్న్ బృందాన్ని పిలిచాం, ఎలా ఉందంటే

ముందే చెప్తున్నా, ఊరేగింపులో కుర్రాళ్ల చేత డాన్స్ వేయించే బ్యాండ్ కావాలంటే వీళ్లని పిలవొద్దు. మీ చుట్టాల్లో కొందరికైనా కాసేపు కూర్చుని వినే ఓపిక ఉంటే మాత్రం తప్పకుండా పిలవండి. మా అక్క కూతురి రిసెప్షన్‌కి ఒంగోలులో వీళ్ల చేత వాయించాం. మొత్తం ఐదుగురు, రెండు ట్రంపెట్లు, ఒక ట్రాంబోన్, ఒక ట్యూబా, మధ్యలో మాస్టారి ఫ్రెంచ్ హార్న్, అంటే గుండ్రంగా చుట్టిన ఇత్తడి బాకా.

మాస్టారు ఆర్మీ బ్యాండ్‌లో చేసి రిటైరైనాయన. మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో మిలిటరీ మ్యూజిక్ వింగ్ ఉంది, అక్కడ నేర్చుకున్నారు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఇంకొకరు రాసిన మార్చ్‌లు, అంటే కవాతు బాణీలు వాయించడమే పని, సొంతంగా రాయడం ఊరికి తిరిగొచ్చాకే మొదలైందంట. ఆరోజు వాయించిన వాటిలో సగం పైగా ఆయన ఈ ఐదుగురి కోసమే రాసుకున్నవి. నేను ఈ రివ్యూ రాస్తున్నది అసలు దాని గురించే.

హార్న్ చాలా కష్టమైన వాయిద్యం. చుట్టలు విప్పితే గొట్టం 12 అడుగుల దాకా ఉంటుంది, పై స్థాయికి వెళ్లేకొద్దీ స్వరాలు ఎంత దగ్గరగా వస్తాయంటే పెదవి బిగువు కొంచెం తప్పినా పక్క స్వరం పలికేస్తుంది. ఆ కష్టం తెలిసిన మనిషి రాసినందువల్ల ఎవరికి ఎక్కడ ఊపిరి కావాలో అక్కడ విరామం ఉంది, ఒకరు ఆగితే ఇంకొకరు అందుకుంటున్నారు, చివరి దాకా ఎవరి పెదవీ అలసినట్టు వినపడలేదు. రాగాలు కూడా చూసి ఎంచుకున్నారు. మీటల వాయిద్యాల్లో గమకం పలికించడం కష్టం కాబట్టి మోహన, హంసధ్వని, శంకరాభరణం లాంటివే తీసుకున్నారు. హార్న్ వాయించేటప్పుడు కుడి చెయ్యి వెనక గరాటులోనే ఉంటుంది, ఆ చేతిని కాస్త మూసి తెరిస్తే స్వరం జారుతుంది, మోహనలో గాంధారం నుంచి రిషభానికి ఆయన అలా జారిస్తే మా పెదనాన్న భోజనం ప్లేటు పక్కన పెట్టి ముందు వరుసలోకి వచ్చి కూర్చున్నారు. ఆయన నాదస్వరం తప్ప ఇంకేదీ మెచ్చని మనిషి! నాదస్వర విద్వాంసుడు షేక్ చిన మౌలానా గారి ఊరు కరవది మాకు దగ్గరే, చిన్నప్పటి నుంచి ఆ వినికిడి ఉన్న చెవులు.

వాయించేవాడే రాయడం హార్న్‌లో పాత సంగతే. 18వ శతాబ్దంలో బొహీమియాలో (ఇప్పటి చెక్ దేశం) పుట్టిన పుంతో అనే ఆయన ఒక ప్రభువు కొలువు నుంచి పారిపోతే, ఇక వాయించకుండా ముందు పళ్లు రాలగొట్టమని మనుషుల్ని పంపారని చెప్తారు. ఆయన దొరకలేదు, పేరు మార్చుకుని ఐరోపా అంతా కచేరీలు చేశాడు, హార్న్‌కీ తీగ వాయిద్యాలకీ కలిపి ఎన్నో రచనలు చేశాడు. 1800లో వియన్నాలో బీథోవెన్ పియానో దగ్గర కూర్చుని ఆయనతో కలిసి వాయించాడు, అప్పుడు వాయించిన సొనాటా, అంటే హార్న్‌కీ పియానోకీ కలిపి చేసిన రచన, ఆయన కోసం రాసిందే. మన పక్కన అలాంటి పని చేసే మనిషి ఉంటే బ్యాండ్ మేళం రేటుకి బేరమాడటం నాకు నచ్చదు. మామూలు బ్యాండ్ సెట్ కంటే ఎక్కువే అడిగారు, ఇచ్చాం, న్యాయమే అనిపించింది.

నచ్చనివీ ఉన్నాయి. ఏం వాయిస్తున్నారో, అది ఎవరు రాశారో ఒక్క మాట కూడా చెప్పరు. సొంత రచన అని నాకు తెలిసిందే భోజనాల దగ్గర మాస్టారిని అడిగితే, హాల్లో సగం మంది ఏదో ఇంగ్లీషు మ్యూజిక్ అనుకుని వెళ్లిపోయారు. మైకులో చెప్పుకోవడం ఆయనకి మొహమాటం అయితే ట్రంపెట్ అబ్బాయి చెప్పొచ్చు కదా. సినిమా పాటలు అడిగితే రెండు వాయించారు, అంతంతమాత్రమే.

సౌండ్ వాళ్లతో మాత్రం మీరే జాగ్రత్త పడాలి. హార్న్ గరాటు వెనక్కి తిరిగి ఉంటుంది, మాకొచ్చిన కుర్రాడు మైకు తెచ్చి మాస్టారి మొహం ముందు పెట్టాడు, వెనకేమో డెకరేషన్ పరదా, శబ్దమంతా ఆ బట్ట పీల్చేసుకుంది. మొదటి రెండు రచనల్లో ట్రంపెట్లే వినపడ్డాయి. తర్వాత కుర్చీలు గోడ వైపు జరిపించాక గానీ హార్న్ హాలంతా పరుచుకోలేదు. షామియానా కింద, ఆరుబయట అసలు పెట్టొద్దు, వెనక గట్టి గోడ ఉన్న హాల్ అయితేనే పిలవండి.

మాఘమాసం ముహూర్తాలకి కావాలంటే ముందే మాట్లాడుకోండి, సీజన్‌లో ట్రంపెట్ వాళ్లిద్దరూ వేరే బ్యాండ్లకి వెళ్లిపోతారు, వాళ్లు లేకుండా మాస్టారు ఒప్పుకోరు.