ఎకో ఉన్న హాల్లో నన్ను ఆదుకుంది కాలరు మైకే

కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి పోయినవాళ్లకి లోపలి చెవిలో అమర్చే పరికరం) వాడటం మొదలుపెట్టిన కొత్తలో ఎవరు అడిగినా అందులో చుట్టూ ఉన్న రొదని తగ్గించే నాయిస్ ప్రోగ్రామ్‌నే మెచ్చుకునేవాణ్ణి. ఫ్యాను హోరు, ఇంజిన్ మోత ఇప్పటికీ బాగానే తగ్గిస్తుంది. కానీ ఖాళీ గోడల హాల్లోకి వెళ్తే అదే ప్రోగ్రామ్ చేతులెత్తేస్తుంది.

అక్కడ అడ్డొచ్చేది మాట్లాడే మనిషి గొంతే. గోడలకీ, అద్దాలకీ, గచ్చుకీ తగిలి కాస్త ఆలస్యంగా తిరిగొస్తుంది. అదీ మాటేగా అని ప్రాసెసర్ (శబ్దాన్ని అందుకుని ఇంప్లాంట్‌కి పంపే బయటి భాగం) దాన్నీ లోపలికి పంపేస్తుంది. అచ్చుల మోత సాగి వెనకొచ్చే త, ప, క లను కప్పేస్తుంది. మామూలు చెవి దీన్ని చాలావరకు సర్దుకుంటుంది. మాకున్నది, కంపెనీని బట్టి, వినికిడి నరానికి సంకేతాలిచ్చే 12 నుంచి 22 ఎలక్ట్రోడ్లు. వాటి ద్వారా మెదడుకి అందేది ప్రధానంగా శబ్దపు హెచ్చుతగ్గులే. మాటకీ మాటకీ మధ్య ఉండాల్సిన ఆ తగ్గుల్నే ఎకో పూడ్చేస్తుంది. వాల్యూమ్ పెంచితే ఎకో కూడా పెరుగుతుంది. బయటి రొద, ఎకో లేని సౌండ్ బూత్‌లో పరీక్ష చేసినప్పుడు నాకొచ్చే మంచి మార్కులకీ ఈ హాలుకీ సంబంధమే లేదు.

ఒక ట్రైనింగ్‌లో అయితే మొదటి వరసలో కూర్చున్నా అంతా ఒకటే హోరు. ‘పద్దు’ అంటే ‘వద్దు’ అని వినిపించింది. విరామంలో రిమోట్ మైకు (గొంతుని వైర్ లేకుండా నా ప్రాసెసర్‌కే పంపే చిన్న మైకు) తీసి ట్రైనర్ కాలరుకి పెట్టమన్నాను. అంతే, తల దించుకుని నోట్సు రాసుకుంటూ విన్నాను! ఆయన ముఖం చూడాల్సిన పనే లేకపోయింది. మూలం నుంచి దూరం రెట్టింపైన ప్రతిసారీ నేరుగా వచ్చే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఎకో మాత్రం హాలంతా దాదాపు ఒకేలా ఉంటుంది. జానెడు దూరంలో ఉన్న మైకుకి గొంతు చాలా గట్టిగా అందుతుంది, ఎకో దాని కింద అణిగిపోతుంది. అదే మైకు పెట్టుకుని ఆయన బయటికెళ్లి ఫోన్లో గొడవపడితే అదీ స్పష్టంగానే వినిపించింది, అది వేరే సంగతి.

అయితే మైకు ఎవరి దగ్గరుంటే వాళ్ల మాటే నాది. వెనక నుంచి ఎవరో ప్రశ్న అడిగితే మళ్లీ హోరే. ట్రైనర్ ఆ ప్రశ్నని తిరిగి చెబితే సరే, లేకపోతే జవాబు విని ప్రశ్న ఊహించుకోవాలి. బట్టలు రాసుకుంటే వచ్చే గరగర కూడా చిరాకే.

నాకు పెద్దయ్యాక వినికిడి పోయింది కాబట్టి సగం మాట అందినా మిగతాది అల్లుకోగలను. మాటలు ఇప్పుడే నేర్చుకుంటున్న పిల్లలకి ఆ వెసులుబాటు ఉండదు. అమెరికా ప్రమాణంలో మామూలు తరగతి గదికి ప్రతిధ్వని కాలం, అంటే శబ్దం 60 డెసిబెల్స్ తగ్గడానికి పట్టే సమయం, 0.6 సెకను మించకూడదు. పిల్లల కోసమైతే మైకుతో పాటు గదిలో కర్టెన్లు, తివాచీ గురించి కూడా అడగండి. ఒకరే మాట్లాడి మిగతావాళ్లు వినే పని నాది, అందుకే ఈ మైకు నాకు నప్పింది. బల్ల చుట్టూ పదిమంది ఒకేసారి మాట్లాడే ఉద్యోగమైతే, కొనేముందు ఆడియాలజిస్ట్ (వినికిడి నిపుణులు) దగ్గర అడిగి ఆ గదిలోనే వాడి చూడండి.