తొమ్మిది లక్షల డాలర్ల దగ్గర ఆగిన బేరం: ఒక ట్రేడ్ లెక్కల వెబ్ సేవపై సమీక్ష

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏలో జట్లు ఆటగాళ్లను మార్చుకోవాలంటే (దీన్నే ట్రేడ్ అంటారు) ఆ మార్పిడి లీగ్ నిబంధనలకు లోబడి ఉండాలి. అభిమానులు ఊహించుకున్న ట్రేడ్‌లు ఆ నిబంధనల ముందు నిలుస్తాయో లేదో లెక్కగట్టి చెప్పే వెబ్ సేవలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని 2025 వేసవిలో నెల్లూరులో మేము ముగ్గురం నాలుగు ఆదివారాలు వాడి చూశాం. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. నేను కనుగొన్న లోపం గురించి నిర్వాహకులకు ఉత్తరం రాశాను కనుక, సరిచేసుకునే వ్యవధి వాళ్లకు ఇవ్వడం న్యాయమని నా ఉద్దేశం.

మా ముగ్గురిలో మా బావ న్యూయార్క్ నిక్స్ అభిమాని, ఇంజినీరింగ్ చదువుతున్న మా అన్నగారి అబ్బాయి మిల్వాకీ బక్స్ అభిమాని, నేను ఇద్దరి మధ్య లెక్కలు రాసేవాణ్ణి. పొద్దున్నే కోర్టులో ఆడి, ఆ తర్వాత కారం దోశ తింటూ వాదించుకోవడం మాకు అలవాటు. ఆ వేసవిలో మా వాదనంతా ఒక్కటే: మిల్వాకీ తార యానిస్ ఆంటెటోకుంపో నిక్స్‌కు రావాలంటే ఎన్ని జట్లు కలవాలి?

బావ ప్రతిపాదన సూటిగా ఉంది. యానిస్ న్యూయార్క్‌కు, నిక్స్ ఆటగాడు కార్ల్-ఆంథొనీ టౌన్స్ మిల్వాకీకి, మధ్యలో మూడో మనిషి అక్కర్లేదు. ఈ ట్రేడ్‌ను సేవలో పెట్టగానే నిక్స్ పేరు పక్కన ఎర్ర గుర్తు పడింది. 2025–26లో యానిస్ జీతం 5,41,26,450 డాలర్లు, టౌన్స్ జీతం 5,31,42,264 డాలర్లు. తేడా 9,84,186 డాలర్లు.

"ఇంత పెద్ద బేరం తొమ్మిది లక్షల దగ్గర ఆగుతుందా?" అన్నాడు బావ.

"ఒక్క డాలరు ఎక్కువైనా ఆగుతుంది మామయ్యా," అన్నాడు అబ్బాయి.

అతను చెప్పింది నిజమే. జట్టు మొత్తం జీతాలకు లీగ్ ఒక పరిమితి (క్యాప్) పెట్టి, దానికి పైన ఏప్రన్‌లనే రెండు గీతలు గీసింది. ఆ పరిమితి దాటినా మొదటి ఏప్రన్‌కు లోపల ఉన్న జట్టు, భారీ జీతాల విషయంలో, పంపిన మొత్తానికి నూటికి నూట ఇరవై అయిదు వంతులు, పైన మరో రెండున్నర లక్షల డాలర్ల వరకు తిరిగి తీసుకోవచ్చు. మొదటి ఏప్రన్ అనే గీత 2025–26కు 19,59,45,000 డాలర్ల దగ్గర ఉంది. ట్రేడ్ తర్వాత ఆ గీత దాటి ఉండే జట్టు పంపిన దానికంటే ఎక్కువ తీసుకోకూడదు. నిక్స్ అలాంటి జట్టే. పైగా నిక్స్ ఆ వేసవిలో జీతాలు ఎక్కువై లీగ్‌కు పన్ను కట్టే జట్లు కూడా కొత్త ఆటగాణ్ణి చేర్చుకునేందుకు ఇచ్చే మిడ్-లెవల్ మినహాయింపును వాడుకుంది కాబట్టి, 20,78,24,000 డాలర్ల రెండో ఏప్రన్‌ను ఆ సీజన్ అంతా దాటే వీలు లేదు. తేడా పూడ్చాలంటే టౌన్స్‌తో పాటు ఇంకో చిన్న జీతం ఆటగాణ్ణి కూడా పంపాలి. ఈ రెండు గీతలనూ ఒకే తెరపై చూపించి, ఏ జట్టు దేనికి ఎంత దూరంలో ఉందో చెప్పడమే ఈ సేవలో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి. నిబంధనల పుస్తకం చదివితే నాకు రెండు రోజుల్లో కూడా ఎక్కని విషయం ఆ ఎర్ర గుర్తు పక్కన ఉన్న రెండు వాక్యాలతో బోధపడింది.

జీతాల లెక్క కుదిరినా అబ్బాయి ఒప్పుకోలేదు. యానిస్‌ను వదులుకునే జట్టుకు కావలసింది ముప్పయ్యేళ్లు నిండబోతున్న ఇంకో పెద్ద జీతగాడు కాదు, యువకులూ డ్రాఫ్ట్ పిక్‌లూ (ఏటా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే హక్కులు) అన్నది అతని వాదన. జ్రూ హాలిడే కోసం 2020లో, డేమియన్ లిలార్డ్ కోసం 2023లో మిల్వాకీ తన భవిష్యత్ పిక్‌లను చాలావరకు ఇచ్చేసింది. ఓడిపోతూ కూర్చుంటే వచ్చే మంచి పిక్‌లలో కూడా ఆ జట్టుకు దక్కేది తక్కువ. మరి నిక్స్ పిక్‌లు ఇవ్వగలదా? 2024లో మికాల్ బ్రిడ్జెస్ కోసం 2025, 2027, 2029, 2031 సంవత్సరాల తన మొదటి రౌండ్ పిక్‌లను బ్రూక్లిన్ నెట్స్ జట్టుకు రాసిచ్చింది. ఏ జట్టూ వరుసగా రెండు భవిష్యత్ సంవత్సరాలు మొదటి రౌండ్ పిక్ లేకుండా ఉండకూడదన్నది స్టెపియన్ నిబంధన. ఏడాది విడిచి ఏడాది ఇచ్చిన కారణం అదే. మధ్యలో మిగిలిన సంవత్సరాల పిక్‌లు నిక్స్ చేతిలో ఉన్నా, అదే నిబంధన వల్ల వాటిని ఎవరికీ ఇచ్చే వీలు లేదు.

నా ఫిర్యాదు ఇక్కడే. పరీక్ష కోసం నిక్స్ తన 2028 మొదటి రౌండ్ పిక్‌ను మిల్వాకీకి ఇస్తున్నట్టు పెట్టాను. సేవ పచ్చ గుర్తు చూపింది. 2027, 2029 పిక్‌లు బ్రూక్లిన్‌వని అదే తెరలో రాసి ఉంది, అయినా పక్క పక్క సంవత్సరాలను పోల్చి చూడలేదు. డాలర్ల విషయంలో అంత నిక్కచ్చిగా ఉన్న లెక్క పిక్‌ల విషయంలో ఇంత ఉదారంగా ఉండటం కొత్తవాళ్లను తప్పుదారి పట్టిస్తుంది. బహుళ జట్ల ట్రేడ్‌లో సగం బేరం పిక్‌ల మీదే నడుస్తుంది కాబట్టి దీన్ని చిన్న లోపంగా నేను తీసుకోలేను.

ఆ ప్రతిష్టంభనలోంచి అబ్బాయికి తట్టిన ఆలోచన మాత్రం మెచ్చుకోదగ్గది. నిక్స్ పిక్‌లు బ్రూక్లిన్ దగ్గర ఉన్నాయి కనుక బ్రూక్లిన్‌నే మూడో జట్టుగా పిలవాలి. టౌన్స్ బ్రూక్లిన్‌కు, బ్రూక్లిన్ ఆటగాడు మైకేల్ పోర్టర్ జూనియర్, నిక్స్ పాత పిక్‌లు రెండు మిల్వాకీకి, యానిస్ న్యూయార్క్‌కు. పోర్టర్ జీతం 3,83,33,050 డాలర్లు. క్యాప్‌లో ఖాళీ స్థలం వాడకుండా టౌన్స్‌ను తీసుకోవాలంటే బ్రూక్లిన్ ఇంకో నలభై లక్షల డాలర్ల జీతం బయటికి పంపాలని సేవ చెప్పింది. కాగితం మీద నేను వేసిన లెక్కా అంతే వచ్చింది. మరో ఇద్దరు కుర్రాళ్లను చేర్చగానే మూడు జట్లకూ పచ్చ గుర్తులు పడ్డాయి.

ఇదే ఊపులో షార్లట్‌ను నాలుగో జట్టుగా చేర్చి, బ్రూక్లిన్ నుంచి ఒక్క రెండో రౌండ్ పిక్ ఇప్పించాం. వెంటనే తిరస్కరణ వచ్చింది. బహుళ జట్ల ట్రేడ్‌లో ప్రతి జట్టుకూ కనీసం రెండు జట్లతో ఇచ్చిపుచ్చుకోవడం ఉండాలన్న నిబంధనను సేవ గుర్తుపెట్టుకుంది. 2025 జులైలో కెవిన్ డ్యురాంట్ హ్యూస్టన్‌కు వెళ్లిన ట్రేడ్‌లో ఏడు జట్లు కలిశాయి. అంతకు ఏడాది ముందు క్లే థాంప్సన్ డాలస్ చేరిన ఆరు జట్ల ట్రేడే రికార్డు. అంతమంది మధ్య ఈ ముడులన్నీ ఎలా పడ్డాయో ఈ తిరస్కరణ చూశాకే నాకు అర్థమైంది. టౌన్స్ 2024లో నిక్స్‌కు వచ్చినప్పుడు కూడా, జీతాలు సరితూగడానికి ముగ్గురు ఆటగాళ్లను షార్లట్‌కు పంపవలసి వచ్చింది. అలాంటి పాత ట్రేడ్‌లను నాటి జీతాలతో మళ్లీ వేసి చూసుకునే వీలు ఈ సేవలో ఉంటే ఎంతో ఉపయోగపడేది, కానీ లేదు.

ఇక మూడు పచ్చ గుర్తులు చూసి అబ్బాయి సంబరపడుతుంటే బావ అడిగిన ప్రశ్నకు మాత్రం తెర మీద జవాబు దొరకలేదు. "బ్రూక్లిన్ ఇప్పుడు కుర్రాళ్లతో జట్టు కట్టుకుంటోంది కదరా, టౌన్స్‌ను ఏం చేసుకుంటుంది? పైగా పక్కింటి జట్టుకు యానిస్‌ను తెచ్చిపెడుతూ తన పిక్‌లు ఎందుకు వదులుకుంటుంది?" మా తాతగారు ఒంగోలు గిత్తల సంతల్లో తిరిగిన మనిషి. ముగ్గురు రైతుల మధ్య ఎడ్లు చేతులు మారే బేరంలో, తువాలు కింద వేళ్లు కలిసినంత మాత్రాన ఏమీ కాదని, మూడో రైతు ఇంటికి తోలుకుపోయే ఎద్దు అతని పొలానికి పనికొస్తేనే బేరం తెగుతుందని చెప్పేవారు. ఈ సేవ వేళ్ల లెక్క బాగా చెబుతుంది. మూడో రైతు పొలం సంగతి దానికి తెలియదు. ప్రతి జట్టు వయసు, గెలుపోటములు, చేతిలోని పిక్‌లు ట్రేడ్ పక్కనే చూపిస్తే ఆ ప్రశ్న వాడేవాళ్లే వేసుకుంటారు. నిర్వాహకులకు రాసిన ఉత్తరంలో ఈ కోరిక కూడా రాశాను. మా వాదనలో నా తీర్పు బావ వైపే.

మిగతా విషయాలు క్లుప్తంగా చెబుతాను. సేవ ఉచితం, ప్రకటనలు వస్తాయి. మూడు జట్ల వరకు ఫోన్‌లో సౌకర్యంగానే ఉంటుంది, నాలుగో జట్టు చేరితే తెర పక్కలకు జరుపుతూ ఉండాలి. జీతాలన్నీ మిలియన్లలోనే కనిపిస్తాయి కనుక లక్షలూ కోట్లూ మనమే వేసుకోవాలి. జీతాల నిబంధనలు నేర్చుకోదలచిన వారికి నిస్సందేహంగా సిఫారసు చేస్తాను, పిక్‌లు ఉన్న ట్రేడ్‌కు మాత్రం కాగితం, కలం దగ్గర పెట్టుకోవాలి. నా లెక్కలో అయిదుకు మూడున్నర.

ఉత్తరానికి జవాబు ఇంకా రాలేదు. మొన్న ఆదివారం అదే 2028 పిక్‌ను మళ్లీ పెట్టి చూశాను, పచ్చ గుర్తే పడింది.