మూడు దూరాల లెన్సు: కంట్లో వెలుగు పంపకం

శుక్లం ఆపరేషనుకు సిద్ధపడినవారి చేతిలో పెట్టే రంగుల కరపత్రంలో "ఇక కళ్లజోడు అక్కర్లేదు" అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆ సౌకర్యం కోసం మన కన్ను ఏం వదులుకుంటుందో మాత్రం చిన్న అక్షరాల్లో కూడా దొరకదు. ట్రైఫోకల్ అని వ్యవహరించే, దూరం, మధ్య, దగ్గర అన్న మూడు దూరాల లెన్సులను రెండు కళ్లకూ వేయించుకున్నవాణ్ని, ఉద్యోగ జీవితమంతా డిగ్రీ విద్యార్థులకు కాంతిశాస్త్రం బోధించినవాణ్ని కాబట్టి, ఈ వస్తువును వాడకందారుగా కొంత, మాస్టారుగా కొంత సమీక్షిస్తున్నాను. నా కళ్లలో ఉన్న లెన్సు ఏ కంపెనీదో రాయడం లేదు. నాకు ఎదురైన మంచిచెడ్డలు ఒక కంపెనీ పనితనానికి సంబంధించినవి కావు, ఈ తరహా డిజైను మొత్తానికీ పుట్టుకతో వచ్చినవి. కంపెనీల పేర్లు చెప్పిన చోట వాటి డిజైను గురించి బహిరంగంగా తెలిసిన వివరాలనే చెబుతున్నాను.

1949 నవంబరులో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో హెరాల్డ్ రిడ్లీ మొట్టమొదటి కృత్రిమ లెన్సును కంట్లో అమర్చినప్పటి నుంచీ ఈ వస్తువుకు ఉన్న పరిమితి ఒక్కటే, అది ఒకే దూరానికి స్థిరపడి ఉంటుంది. పుట్టుకతో వచ్చిన లెన్సు చిన్న వయసులో అవసరాన్ని బట్టి ఉబ్బుతూ, పల్చబడుతూ చూపును సర్దుకుంటుంది. కృత్రిమ లెన్సుకు ఆ విద్య రాదు. అందుకే మామూలు మోనోఫోకల్ లెన్సు వేయించుకున్నవారికి దూరంగా ఉన్న బస్సు బోర్డు స్పష్టంగా కనిపించినా, పేపరు చదవాలంటే కళ్లజోడు కావలసి వస్తుంది. అలాగని దాన్ని తక్కువగా చూడడం నాకు ఇష్టం లేదు. 1992లో మదురైలో మొదలైన ఆరోల్యాబ్ వంటి సంస్థలు చవకగా తయారుచేసి అందించినందువల్లనే కృత్రిమ లెన్సు మన పల్లెల్లో పేదవారి కంటికి కూడా చేరింది. ట్రైఫోకల్ ఎంత తెలివైన వస్తువైనా, దూరపు చూపు నాణ్యతలో దాన్ని ఈ మామూలు లెన్సుతోనే తూచాలి.

బహుళ దూరాల లెన్సు తయారు చేయడమంటే లేని వెలుగును సృష్టించడం కాదు, కంటిపాపలోంచి వచ్చే అదే వెలుగును రెండు మూడు వాటాలు వేయడం. ఒకే కాలువ నీటిని మూడు తూములకు వదిలినట్టు, ఒక తూము తలుపు ఎత్తితే మిగతావాటికి ఆ మేరకు తగ్గి తీరుతుంది. డిజైనర్ల తెలివంతా ఎవరికెంత వాటా ఇవ్వాలి, పంపకంలో వృథా ఎలా తగ్గించాలి అన్న రెండు ప్రశ్నల చుట్టూనే తిరిగింది.

1997లో అమెరికాలో అనుమతి పొందిన అర్రే లెన్సులో ఈ పంపకం మోటుగా ఉండేది. ఒకదాని చుట్టూ ఒకటిగా ఐదు వలయాలు, దూరానికి కొన్ని, దగ్గరకు కొన్ని. కాగితం మీద బాగానే కనిపించే ఈ ఏర్పాటు కంటిపాప పరిమాణం మారగానే తలకిందులవుతుంది, ఎందుకంటే మంచి వెలుతురులో పాప కుంచించుకుని మధ్య వలయం ఒక్కటే పనిచేస్తుంది. వసారాలో పగటి వెలుగులో కూర్చుని పేపరు పట్టుకునే పెద్దవారి విషయంలో, దగ్గరి చూపు అవసరమైన వేళకే దగ్గరి వలయం మరుగున పడేది. పైగా వయసు పెరిగేకొద్దీ కంటిపాప మామూలుగానే చిన్నదవుతుంది.

ఈ చిక్కును తప్పించినది వివర్తనం (సన్నని అంచుల దగ్గర వెలుగు వంగి పరుచుకునే గుణం) ఆధారంగా పనిచేసే డిజైను. ఇంజినీరింగుగా నాకు ఇందులో అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే కనుక కాస్త ఎక్కువసేపు చెబుతాను. లెన్సు ఉపరితలం మీద ఒక కేంద్రం చుట్టూ సన్నని వలయాలు, ఒక్కో వలయం అంచున ఒక మెట్టు ఉంటాయి. లెన్సు తయారయ్యే ఆక్రిలిక్ పదార్థపు వక్రీభవన గుణకం (వెలుగును ఎంత వంచుతుందో చెప్పే అంకె) 1.55 అనుకుంటే, దాని చుట్టూ కంట్లో ఉండే ద్రవానిది సుమారు 1.336. ఈ తేడా మీద, 550 నానోమీటర్ల ఆకుపచ్చ వెలుగుకు లెక్క వేస్తే, సుమారు 2.6 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మెట్టు వెలుగును సరిగ్గా ఒక తరంగదైర్ఘ్యం మేర వెనకబెడుతుంది. అంత మెట్టు పెడితే వెలుగంతా దగ్గరి నాభికే (దగ్గరి చూపుకు వెలుగు వచ్చి కలిసే చోటుకే) పోతుంది. అసలు మెట్టే లేకపోతే అంతా దూరానికే పోతుంది. అందులో సగం, అంటే 1.3 మైక్రాన్లు పెడితే రెంటికీ చెరి 40.5 శాతం చేరుతుంది. మిగిలిన సుమారు 19 శాతం ఎవరికీ పనికిరాని ఇతర నాభులకు చెదిరిపోతుంది. వలయాల మధ్య దూరాలు నాభి ఎక్కడ ఏర్పడాలో నిర్ణయిస్తే, మెట్టు ఎత్తు దానికి ఎంత వెలుగు చేరాలో నిర్ణయిస్తుంది. తల వెంట్రుకతో పోలిస్తే ఎన్నో రెట్లు పలుచనైన ఒక మెట్టు ఎత్తు మారితే మనిషి చదవగలిగే అక్షరం మారిపోతుందన్నది, ఏళ్ల తరబడి నల్లబల్ల మీద ఈ సూత్రం రాసిన నాకు కూడా ఆశ్చర్యంగానే ఉంటుంది.

2005లో అమెరికాలో అనుమతి వచ్చిన రెస్టోర్ లెన్సులో ఈ మెట్లు మధ్యలో 1.3 మైక్రాన్లతో మొదలై అంచుకు వెళ్లేకొద్దీ 0.2 వరకు తగ్గిపోతాయి. రాత్రిపూట పాప విప్పారినప్పుడు అదనంగా వచ్చే వెలుగు ఎక్కువగా దూరపు చూపుకే చేరాలన్నది అందులోని ఉద్దేశం, మంచి ఉద్దేశమే. అయితే ఆ తొలి లెన్సు రెండు దూరాలదే. మధ్యలో ఉండే కంప్యూటరు తెర, కూరగాయలు తరిగే బల్ల, దుకాణంలో అరలోని వస్తువులు దాని లెక్కలోకి రాలేదు.

ఆ ఖాళీని పూరించినది ట్రైఫోకల్. 2010లో బెల్జియంకు చెందిన ఫిజియోల్ సంస్థ తెచ్చిన ఫైన్‌విజన్‌లో ఒకే ఉపరితలం మీద రెండు వివర్తన నిర్మాణాలు కలగలిసి ఉంటాయి, ఒకటి 3.5 డయాప్టర్లది (డయాప్టరు లెన్సు శక్తికి కొలత), రెండవది సరిగ్గా అందులో సగం, 1.75. ఆ సగం అన్న అంకె యాదృచ్ఛికం కాదు. 1.75 నిర్మాణం నుంచి రెండవ శ్రేణికి, అంటే రెట్టింపు శక్తి ఉన్న నాభికి, చెదిరిపోయే వెలుగు 3.5 దగ్గరకే వచ్చి పడుతుంది కాబట్టి, లేకపోతే వృథా అయ్యేది దగ్గరి చూపుకు కలిసొస్తుంది. జైస్ వారి ఏటీ లీసా ట్రై కూడా 3.33, 1.66 అని ఇదే సగం లెక్కను పాటించి, వెలుగును దూరానికి 50, మధ్యకు 20, దగ్గరకు 30 పాళ్లలో పంచింది. 2019లో అమెరికాలో అనుమతి పొందిన ఆల్కాన్ వారి పానాప్టిక్స్ మాత్రం దారి మార్చింది. అందులో అంకెలు 3.25, 2.17, అంటే మూడింట రెండు వంతులు. ఈ లెక్క ప్రకారం 120 సెంటీమీటర్ల వద్ద మరొక నాభి కూడా ఏర్పడాలి, కానీ దాన్ని అణచి ఆ వెలుగును దూరానికి మళ్లించారు. ఫలితంగా మధ్య చూపు 80 సెంటీమీటర్లకు బదులు 60 దగ్గరకు వచ్చింది. 3 మిల్లీమీటర్ల పాపకు 88 శాతం వెలుగు వినియోగమవుతుందని, అందులో సగం దూరానికి, పావు చొప్పున మిగిలిన రెంటికీ చేరుతుందని కంపెనీ చెబుతుంది.

నా మటుకు 60 సెంటీమీటర్లే సరైన నిర్ణయం. బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కుర్చీలో కూర్చున్న మనిషి కళ్లకూ తెరకూ మధ్య మన ఇళ్లలో ఉండే దూరం దాదాపు అంతే. 80 కావాలంటే వెనక్కి వాలి, చేతులు బాగా చాచి టైపు చేయాలి. పొడగరులు నాతో ఏకీభవించకపోవచ్చు.

అయితే ఆ శాతాలను ఇంకొకసారి చూడండి. 88లో సగమంటే దూరపు దృశ్యానికి అందేది 44 శాతం, చదవడానికి అందేది 22. పగటి వెలుగులో, తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలకు ఇది ధారాళంగా సరిపోతుంది. దినపత్రికలో వార్తలు, పంచాంగంలో తిథి నక్షత్రాల గడులు జోడు లేకుండా చదువుతున్నాను. తెలుగు అచ్చు ఈ లెన్సుకు గట్టి పరీక్ష అని కూడా గమనించాను. ప, వ, ష అక్షరాల మధ్య తేడా ఒక చిన్న గీతలోనో తలకట్టు అతికిన తీరులోనో ఉంటుంది, వత్తులు పంక్తి కిందికి దిగి మరీ చిన్నవిగా ఉంటాయి. నలుపు తెలుపుల మధ్య అంతరం బాగున్నంతవరకు ఇవన్నీ విడివిడిగా తెలుస్తాయి. అంతరం తగ్గిన చోట లెన్సు బలహీనత బయటపడుతుంది: మాత్రల షీటు వెనక మెరిసే రేకు మీద రంగు లేకుండా నొక్కి ముద్రించిన గడువు తేదీని, సాయంత్రం ట్యూబులైటు కింద ఎటు తిప్పినా నేను చదవలేకపోతున్నాను. ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసుకుంటాను.

రాత్రి దీపాల చుట్టూ కనిపించే వలయాల గురించి చాలామంది భయంగా అడుగుతారు. అవి తయారీ లోపం కావు, వెలుగు పంపకానికి కట్టే సుంకం. దూరపు దీపం దూరపు నాభి ద్వారా రెటీనా మీద చుక్కగా పడుతుంటే, అదే దీపం నుంచి దగ్గరి నాభికి వెళ్లిన వాటా అదే చోట మసకగా పరుచుకుంటుంది. ఎంత వెడల్పున పరుచుకుంటుందో లెక్క కష్టం కాదు. కంట్లోని 3.25 డయాప్టర్లు కళ్లజోడు స్థానంలో సుమారు 2.5కు సమానం, రాత్రివేళ పాప వెడల్పు 4 మిల్లీమీటర్లనుకుంటే, రెంటినీ గుణించగా వచ్చేది అర డిగ్రీకి కొద్దిగా పైన. ఆకాశంలో చందమామ మన కంటికి కనిపించే వెడల్పు దాదాపు అంతే. నా ఎదురుగా వచ్చే ప్రతి లారీ దీపం చుట్టూ సుమారు చందమామంత పల్చని బిళ్ల ఒకటి ఉంటుంది; పెళ్లిపందిరి ముందు సీరియల్ లైట్లు పెడితే ఆ బిళ్లలు ఒకదానిమీద ఒకటి పడి తోరణమంతా పాలు కలిపినట్టు అవుతుంది. కాలక్రమేణా మెదడు దీన్ని పట్టించుకోవడం మానేస్తుందని డాక్టర్లు చెప్పేది చాలావరకు నిజమే, ఇప్పుడు నేను వెతికితేనే కనిపిస్తుంది. కానీ వలయం మాయమైనంత మాత్రాన పంచిపెట్టిన వెలుగు తిరిగి రాదు. చీకటి రోడ్డు మీద ముదురు రంగు బట్టలు వేసుకుని సైకిలు మీద వెళ్లే మనిషిని గుర్తించడంలో మోనోఫోకల్ ఉన్నవారికే మొగ్గు. జాతీయ రహదారి మీద రాత్రి డ్రైవింగు నేను మానేశాను, బతుకుతెరువు కోసం నడిపేవారు మానలేరు.

నేను వెళ్లిన ఆసుపత్రిలో నాకు అసంతృప్తి కలిగించినది వైద్యం కాదు, కౌన్సెలింగ్. లెన్సుల పట్టికను ధరల వరుసలో చూపించి, పైకి వెళ్లేకొద్దీ చూపు మెరుగన్నట్టుగా చెప్పుకుంటూ పోయారు. "సర్, ఇది ప్రీమియం అండి, అన్నీ కనిపిస్తాయి" అన్నదే అక్కడి అమ్మాయి చెప్పిన వివరణ. రాత్రిళ్లు బండి నడుపుతారా, ఎక్కువసేపు ఏ దూరంలో పనిచేస్తారు అని అడిగినది ఆ తరువాత కలిసిన డాక్టరుగారే. షుగరు వల్ల రెటీనా దెబ్బతిన్నవారికి, రెటీనా మధ్యభాగమైన మాక్యులా బలహీనపడినవారికి, ముదిరిన గ్లాకోమా ఉన్నవారికి అసలే తగ్గిన కాంట్రాస్టును (నలుపు తెలుపుల తేడా గుర్తించే శక్తిని) ఈ లెన్సు మరింత తగ్గిస్తుంది కాబట్టి సాధారణంగా ఇది తగదు. కంటి ముందు పొర అయిన కార్నియా ఉపరితలం సమంగా లేనివారికీ అంతే. ఆపరేషను తరువాత ముప్పావు డయాప్టరు ఆస్టిగ్మాటిజం (కంటి వంపు అన్ని దిక్కులా ఒకేలా లేకపోవడం) మిగిలినా మూడు చూపులూ మసకబారగలవు, అందుకే అవసరమైనవారికి దాన్ని సరిచేసే టోరిక్ రకం వేస్తారు. పొడి కళ్లు ఉన్నప్పుడు ఆపరేషనుకు ముందు తీసే కొలతలే తేడాగా రావచ్చు గనుక, ముందు వాటికి చికిత్స చేయించుకోవాలి.

మధ్యేమార్గం కోరేవారికి వేరే డిజైన్లు ఉన్నాయి. 2016లో అమెరికాలో అనుమతి వచ్చిన సింఫనీ వెలుగును విడివిడి నాభులకు కాకుండా ఒక సాగదీసిన నాభికి పంపుతుంది, దానితో పాటు కంటికి సహజమైన వర్ణ దోషాన్ని (ఒక్కో రంగు ఒక్కో చోట కేంద్రీకరించే లోపాన్ని) వివర్తనంతో సరిదిద్దుతుంది. 2020లో వచ్చిన వివిటీలో మెట్లే లేవు. మధ్యలో సుమారు 1 మైక్రాను ఎత్తున నునుపైన చిన్న తిన్నె ఒకటి ఉండి తరంగాన్ని సాగదీస్తుంది, వలయాల బెడద మోనోఫోకల్‌కు దగ్గరగా ఉంటుంది. వీటితో సన్న అక్షరాలకు జోడు తప్పకపోవచ్చు. రాత్రి ప్రయాణాలు తప్పనివారు, చదవడానికి జోడు పెట్టుకోవడాన్ని పెద్ద కష్టంగా భావించనివారు అటువైపు చూడడం మంచిదని నా అభిప్రాయం.

ధర విషయానికొస్తే, మామూలు లెన్సుకూ దీనికీ పోలికే లేదు, ఎన్నో రెట్లు తేడా. బీమా పాలసీ ఎంతవరకు భరిస్తుందో ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఆరోగ్యకరమైన రెటీనా, పగటిపూట జీవితం, చదువుతో గడిచే రోజులు ఉన్న నా వంటివాడికి ఆ డబ్బు దండగ కాలేదు, ఇంకొకసారైనా ఇదే ఎంచుకుంటాను. మా తమ్ముడు ఆర్టీసీలో డ్రైవరుగా ఉండగా ఇదే ప్రశ్న అడిగితే మోనోఫోకల్ వేయించుకోమని చెప్పాను, వేయించుకున్నాడు.

వేయించుకున్నవారికి చెప్పవలసినది మరొకటి ఉంది. కొందరికి కొన్ని నెలలకో ఏళ్లకో లెన్సు వెనక ఉన్న పొర మసకబారుతుంది, దాన్ని యాగ్ లేజరుతో నిమిషాల్లో తెరుస్తారు. కానీ ఆపరేషనైన తొలి రోజుల నుంచీ చూపు నచ్చక, లెన్సు మార్పించుకోవాలన్న ఆలోచన ఉన్నవారు ఆ లేజరుకు తొందరపడకూడదు, ఎందుకంటే వెనక పొర తెరిచాక లెన్సు బయటికి తీయడం చాలా కష్టమవుతుంది. ముందు డాక్టరు చేత ఆస్టిగ్మాటిజం, రెటీనా, పొడి కళ్లు చూపించుకుని, లోపం అసలు ఎక్కడుందో తేల్చుకున్నాకే లేజరు సంగతి. ఆ సంప్రదింపుకు వెళ్లేటప్పుడు మోడలు, పవరు, సీరియల్ నంబరు ముద్రించి ఆసుపత్రివారు ఇచ్చిన లెన్సు కార్డు వెంట తీసుకువెళ్లాలి; డిశ్చార్జి కాగితాల కట్టలో అది సులువుగా పోతుంది.