పాత్స్‌క్వారో: సరస్సు ఒడ్డున కాదు, ఊళ్లోనే దిగండి

మెక్సికో సిటీ పడమటి బస్టాండు నుంచి మిచోఆకాన్ రాష్ట్రంలోని సరస్సు ఊరు పాత్స్‌క్వారోకి నేరుగా బస్సులున్నాయి, ఐదు గంటల పైమాటే. రాష్ట్ర రాజధాని మొరేలియా నుంచైతే గంట. పగటిపూటే చేరుకోండి, టోల్ రోడ్డే పట్టుకోండి. ఈ రాష్ట్రానికి వెళ్లొద్దని అమెరికా ప్రభుత్వం కొన్నేళ్లుగా హెచ్చరిస్తోంది కాబట్టి ప్రయాణ బీమా అక్కడ చెల్లుతుందో లేదో ముందే కనుక్కోవాలి.

బస విషయంలో చాలామంది పొరబడేది సరస్సు చూసి. సరస్సు బాగా కుంచించుకుపోయింది, ఒడ్డున చాలాచోట్ల కనిపించేది తుంగే. పైగా ఊరి నడిబొడ్డుకీ పడవల రేవుకీ మూడు కిలోమీటర్లకు పైగా దూరం. ఊరి నడుమ ఉన్న రెండు చౌకుల దగ్గరే దిగితే అన్నీ నడకలో అయిపోతాయి. పాత మండువా ఇళ్లనే హోటళ్లు చేశారు. వీధి వైపు బాల్కనీ గది ఫొటోకి బాగుంటుంది గానీ శని, ఆదివారాల్లో నిద్ర పట్టదు. లోపలి మండువా వైపు గది అడగండి. ఊరు 2,140 మీటర్ల ఎత్తున ఉంది, ఇంచుమించు ఊటీ అంత. చాలా గదుల్లో హీటరు ఉండదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రెండు దుప్పట్లు ఎక్కువే తీసుకోవాలి.

పెద్ద చౌకు చుట్టూ ఒక్క చర్చి కూడా లేదు, మెక్సికోలో ఇది అరుదు. మిచోఆకాన్ మొదటి బిషప్ వాస్కో దె కిరోగా తన పెద్ద చర్చిని పక్కనున్న గుట్ట మీద తలపెట్టాడు. ఐదు శాలలతో కట్టాలనుకుంటే పూర్తయింది ఒక్కటే. అందులోని ఆరోగ్యమాత విగ్రహాన్ని తప్పక చూడాలి. అది చెక్కా కాదు, రాయీ కాదు. మొక్కజొన్న కాడల్లోని బెండును ఎండబెట్టి, పొడి చేసి, ఆర్కిడ్ దుంపల జిగురుతో ముద్దగా కలిపి మలిచారు. యుద్ధానికి దేవుళ్లను మోసుకెళ్లడానికి తేలిగ్గా ఉండాలని ఇక్కడి మూలవాసులైన పురేపెచాలు ఎప్పటినుంచో పాటించిన పద్ధతి అది. కిరోగా ఆ చేతిపనినే కొత్త మతానికి వాడుకున్నాడు.

నవంబరు 1 రాత్రి పెద్దలను తలుచుకునే రాత్రి. సమాధుల మీద బంతిపూల తోరణం, రొట్టెలు, పోయినవాళ్లకు ఇష్టమైన వంట, కొవ్వొత్తులు. ఇంటిల్లిపాదీ తెల్లవార్లూ అక్కడే కూర్చుంటారు. బతుకమ్మలో మనం పేర్చే బంతికి పుట్టిల్లు మెక్సికోనే. ఆ రాత్రి సరస్సులోని హనీత్సియో దీవికి మాత్రం వెళ్లకపోవడమే మేలు: పడవకి గంటల తరబడి వరస, పైన తోపులాట. సరస్సు ఒడ్డున ఉన్న సిన్‌సున్‌సాన్ ఊరి శ్మశానంలోనూ రద్దీ తక్కువేం కాదు గానీ రోడ్డు మీదే చేరుకోవచ్చు. పగలే వెళ్తే అక్కడే ఉన్న పాత పురేపెచా రాజధానిలోని ఐదు యాకాతా గుళ్ల దిబ్బలూ చూడొచ్చు. ఫ్లాష్ వాడొద్దు, అడగకుండా ఫొటో తీయొద్దు. గది నెలల ముందే పట్టుకోవాలి.

హనీత్సియోకి మామూలు రోజు వెళ్లండి. పడవ నిండాకే కదులుతుంది, దాదాపు అరగంట ప్రయాణం. టికెట్టు రానుపోను కలిపే ఇస్తారు, ముక్క పారేయొద్దు. కొండ మీది 40 మీటర్ల మొరేలోస్ (మెక్సికో స్వాతంత్ర్య పోరాట నాయకుడు) విగ్రహం లోపల మెట్లెక్కితే పిడికిలి దాకా వెళ్లొచ్చు. మోకాళ్ల నొప్పులుంటే వద్దు.

తిండిలో కోరుందా రుచి చూడాల్సిందే: మొక్కజొన్న పిండిని పచ్చి ఆకుల్లో మూడు మూలలుగా చుట్టి ఆవిరి మీద ఉడికిస్తారు, మన పొట్టెక్కల్లా. అయితే పిండిలో పందికొవ్వు కలపడం మామూలు. శాకాహారులు "సిన్ మాంతెకా?" (పందికొవ్వు లేకుండానా?) అని అడిగి తీసుకోవాలి. చిక్కుడుగింజల సోపా తారాస్కాలోనూ కోడి రసం ఉండొచ్చు.