పంటి క్యాప్: మెటల్, పింగాణీ, జిర్కోనియా... ఏది మేలు?

క్యాప్ వేయించుకోవాలని డాక్టర్ చెప్పగానే చాలామంది 'ఏ రకం మంచిది?' అని అడుగుతారు. అంతకంటే ముందు తేలాల్సింది ఏ పన్నుకి అన్నది. వెనక నమిలే పన్నుకి బాగా పనికొచ్చేది, నవ్వితే కనిపించే పన్నుకి నప్పకపోవచ్చు.

అసలు క్యాప్ అవసరమా అన్నది కూడా అడగండి. రూట్ కెనాల్ చేసిన దవడ పన్ను ఇప్పటికే చాలా భాగం పోగొట్టుకుని ఉంటుంది, నమిలే ఒత్తిడికి నిలువునా చీలే ప్రమాదం ఉంది. అక్కడ క్యాప్ వేయించుకోవడమే మేలు. ముందు పన్ను రూట్ కెనాల్ తర్వాత కూడా చాలావరకు గట్టిగా ఉంటే ఫిల్లింగ్‌తోనే సరిపోవచ్చు. ఎందుకంటే క్యాప్ కోసం పన్నును చుట్టూ అరగదీస్తారు, అరిగింది తిరిగి రాదు. కొన్నిసార్లు పాడైన భాగం మీదే కూర్చునే ఆన్‌లే కూడా చాలు.

ఇక రకాల సంగతి. పూర్తి మెటల్ క్యాప్‌ను చూడగానే ముఖం తిప్పుకుంటారు గానీ, ఎవరికీ కనిపించని చివరి దవడ పన్నుకి దాన్ని తేలిగ్గా తీసేయకండి. పలచగా ఉన్నా విరగదు, కాబట్టి పన్నును తక్కువ అరగదీస్తే చాలు. నికెల్ పడనివాళ్లు మాత్రం అందులో ఏ లోహాలు ఉన్నాయో ముందే కనుక్కోవాలి.

లోపల లోహం, పైన పింగాణీ ఉండే క్యాప్ దశాబ్దాలుగా వాడుకలో ఉన్నదే. రెండు పొరలకూ చోటు కావాలి గనక పన్నును ఎక్కువ అరగదీయాలి, కొన్నిచోట్ల 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల దాకా. పైపింగాణీ పెచ్చు లేచిపోవచ్చు. కొన్నేళ్లకు చిగురు వెనక్కి తగ్గితే అంచున బూడిదరంగు గీత బయటపడవచ్చు. ముందు పన్నుకి నేనైతే దీన్ని ఎంచుకోను.

జిర్కోనియా అనే గట్టి తెల్లటి సిరామిక్ దగ్గరే అసలు గందరగోళం. ఆ పేరుతో దొరికేవన్నీ ఒకటి కావు. ఒకే దిమ్మ నుంచి చెక్కిన తెల్లటి, మసకగా ఉండే జిర్కోనియా చాలా గట్టిది. వంచే ఒత్తిడిని సుమారు 1000 మెగాపాస్కల్స్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) వరకు తట్టుకుంటుంది. సహజమైన పన్నులా వెలుతురు పోనిచ్చే రకం అందంగా ఉంటుంది గానీ, ఆ బలం అందులో బాగా తగ్గుతుంది. పైన పింగాణీ పూత వేసిన జిర్కోనియా అయితే ఆ పూత పెచ్చులూడవచ్చు. అందుకే 'జిర్కోనియానే కదా' అనుకుని ఊరుకోకుండా, మొత్తం ఒకే పదార్థమా, పూత ఉందా అని అడగండి. గట్టిది కదా, ఎదుటి పన్నును అరగదీస్తుందేమోనని కొందరికి టెన్షన్. నున్నగా పాలిష్ చేసినదైతే అంత హాని చేయదు. క్యాప్ పెట్టాక ఎత్తు తగ్గించడానికి అరగదీసి, మళ్లీ పాలిష్ చేయకుండా వదిలేస్తేనే ఇబ్బంది. నిద్రలో పళ్లు కొరికే అలవాటుంటే ఏ రకం వేసుకున్నా నైట్ గార్డ్ (రాత్రి పళ్లకు పెట్టుకునే తొడుగు) కావాల్సి రావచ్చు.

ముందు పళ్లకి లిథియం డైసిలికేట్ అనే గాజు సిరామిక్ నా మొదటి ఎంపిక. బలం సుమారు 400 మెగాపాస్కల్స్, అంటే గట్టి జిర్కోనియాలో సగం కూడా లేదు, కానీ వెలుతురును సహజంగా పోనిస్తుంది. అయితే రూట్ కెనాల్ తర్వాత నల్లబడిన పన్ను మీదో, లోహపు పోస్ట్ (పన్ను వేరులో ఆసరాగా దింపే కడ్డీ) మీదో పెడితే ఆ నలుపు పైకి కనిపించవచ్చు. అలాంటప్పుడు వెలుతురు తక్కువ పోనిచ్చే పదార్థమే నయం.

ఇన్ని చెప్పినా, క్యాప్ ఎన్నాళ్లు నిలుస్తుందన్నది ఎక్కువగా అంచు దగ్గరే తేలుతుంది. క్యాప్‌కి పుచ్చు పట్టదు, దాని కిందున్న పన్నుకి పడుతుంది. అంచు సరిగ్గా కూర్చోకపోతే అక్కడ పాచి చేరుతుంది. రోజూ చిగురు అంచున బ్రష్ చేయాలి, పళ్ల సందులు శుభ్రం చేసే దారం, అంటే ఫ్లాస్ వాడాలి. బాగా చూసుకుంటే 10 నుంచి 15 ఏళ్లు, కొన్ని అంతకు మించి కూడా నిలుస్తాయి.

సిమెంట్‌తో అతికించే ముందే అద్దంలో రంగు చూసుకోండి. అతికించాక నచ్చలేదంటే కోసి తీయాల్సిందే. మత్తు ఇంజెక్షన్ ఉండగా పై, కింది పళ్లు ఎలా కలుస్తున్నాయో సరిగ్గా తెలియదు కాబట్టి, ఇంటికి వెళ్లాక ఆ పన్నే ముందు తగులుతుంటే అలవాటవుతుందని ఆగకుండా మళ్లీ వెళ్లి సరిచేయించుకోండి. అసలు క్యాప్ వచ్చేదాకా పెట్టే తాత్కాలిక క్యాప్ ఉన్నన్నాళ్లు ఆ వైపు జిగురు పదార్థాలు నమలకండి. ఫ్లాస్‌ను కూడా పైకి లాగకుండా పక్కనుంచి తీయండి, లేకపోతే క్యాప్ ఊడి వస్తుంది.