వెనక్కి తిరిగిన ఆ సీటు: ఎస్-64 స్కైక్రేన్‌తో ఆరేళ్లు

ఈ హెలికాప్టర్ ఎన్ని టన్నులు ఎత్తుతుందో చాలామంది రాశారు. నేను దాని మూడో సీటు గురించి రాస్తాను. ముందు ఇద్దరు పైలట్లు మామూలుగానే కూర్చుంటారు. వాళ్ల వెనక, తోకవైపు తిరిగి ఇంకో సీటు ఉంటుంది. దానికి వేరే కంట్రోల్స్ ఉంటాయి. బరువు దించే సమయానికి హెలికాప్టర్ ఆ సీట్లోని పైలట్ చేతికి వస్తుంది. వేలాడుతున్న బరువును కళ్లారా చూస్తూ నడిపేది అతనే.

నేను దక్షిణ కాలిఫోర్నియా కొండల్లో హైటెన్షన్ లైన్ టవర్లు నిలబెట్టే సైట్ ఇంజినీర్‌ని. అంతకుముందు సీలేరు వైపు పనిచేశాను. అక్కడ ఒక్కో ఇనుప యాంగిల్‌నీ కూలీలు భుజాన మోసుకుని కొండెక్కించేవాళ్లు. ఇక్కడ యార్డులో బిగించిన టవర్ భాగాన్ని, అంటే సెక్షన్‌ను, తెచ్చి కూర్చోబెట్టడం నిమిషాల పని. మొదటిసారి చూసినప్పుడు నాకు ఆ భుజాలే గుర్తొచ్చాయి.

మూడో ఏడాది ఆగస్టులో ఒక రోజు మర్చిపోలేను. కింది సెక్షన్ నాలుగు కాళ్లకూ గైడ్‌లు ఉంటాయి, పై సెక్షన్ వాటిలోకి జారి కూర్చోవాలి. అది కూర్చున్నాకే లైన్‌మెన్ ఎక్కి బోల్టులు వేస్తారు, అప్పటిదాకా టవర్ మీద ఎవరూ ఉండరు. ఆ రోజు మూడు కాళ్లు దిగాయి, నాలుగోది ఇరుక్కుంది. గైడ్ మా యార్డులోనే వంగిందని తర్వాత తేలింది. సగం బరువు టవర్ మీద, సగం హుక్కు మీద ఉండగా లోయలోంచి గాలి లేచింది. సెక్షన్ ఒక పక్కకి ఒరిగింది. రేడియోలో 'పైకి' అనాలి, నోరు పెగల్లేదు. నేను చెప్పేలోపే అది జానెడు లేచింది! వెనక సీటు పైలట్ ఆ కాలు చూసేశాడు. మెల్లగా విడిపించి, తీసుకెళ్లి ఖాళీ నేలమీద దించాడు.

1975లో టొరంటో సీఎన్ టవర్ మీద క్రేన్ విప్పుతుంటే బోల్టులు బిగుసుకుపోయి, ఈ రకం హెలికాప్టరే దాంతోపాటు గాల్లో చిక్కుకుపోయింది. పనివాళ్లు బోల్టులు కోసి విడిపించాక కిందికి దిగేసరికి 14 నిమిషాల ఇంధనమే మిగిలింది. ఆ కథ ఎన్నిసార్లు విన్నా, వాళ్ల టెన్షన్ ఏమిటో నాకు ఆ ఆగస్టులోనే తెలిసింది.

ఏ కొండకైనా ఇదే తెప్పించండని మొదట్లో అందరికీ చెప్పేవాణ్ని. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. ఎండకు గాలి పలచబడితే ఎత్తే బరువు తగ్గుతుంది. పొద్దున ఒక్కసారిగా తేలే సెక్షన్‌ను మధ్యాహ్నం రెండుగా విప్పాల్సి వచ్చింది, దానికి రోజంతా పోయింది. పైగా కార్చిచ్చుల కాలంలో దీనికే ట్యాంకు బిగించి మంటల మీదకు పంపుతారు. ముక్కాలు నిమిషంలో దాదాపు 10,000 లీటర్ల నీళ్లు తోడుకుంటుంది. ఒక ఏడాది మా పని రెండు వారాలు ఆగింది. ఆ మంటల దారిలో ఊళ్లున్నాయి, కాబట్టి ఆ ఆలస్యం గురించి నాకు ఫిర్యాదు లేదు.

మా కొండల్లో రోడ్డు వేయడానికి అనుమతి లేదు కాబట్టి మాకు ఈ హెలికాప్టర్ ఖర్చు తప్పదు. రోడ్డు ఉన్న చోట నేనైతే క్రేనే తెప్పిస్తాను. వేరే హెలికాప్టర్లలో పక్క కిటికీలోంచి వంగి చూస్తూ బరువు దించే పైలట్లతోనూ పనిచేశాను, వాళ్లూ నేర్పరులే. కానీ ఆ నాలుగో కాలు చూసినవాణ్ని, నా వరకు వెనక సీటు ఉన్నదే అడుగుతాను.